యాభై మిల్లీగ్రాములు

పొద్దున్నే ఒకటి, టిఫిన్ తిన్నాక.
తెల్లటి మాత్ర, మధ్యలో గీత.
విరిచి చూశాను, రెండు సగాలూ చేదే.

బెవర్లీ రోడ్డు మీద మందుల షాపమ్మాయి
సంచీ చేతికిస్తూ చీటీ చదువుకోమంది.
చదివాను, బస్సు పైఅంతస్తులో,
అద్దం మీద హల్ వాన అడ్డంగా కారుతుంటే.
నోరెండిపోవడం. చెమట. పీడకలలు.
పదకొండో వరుసలో, సరిగ్గా మడత పడ్డచోట,
ఆ మాట.
ఆ చీటీని మళ్ళీ అదే మడతలో పెట్టడం
ఎవరి తరమూ కాదు.

అబద్ధమెందుకు, మందు పనిచేసింది.
నవంబరంతా బస్సుల షెడ్డు దాకా వెళ్ళి
కారు దిగలేక ఇంటికొచ్చేసినవాణ్ణి,
ఇప్పుడు దిగుతున్నాను. స్పానరు పడుతున్నాను.
పప్పులో ఉప్పు తక్కువైతే తెలుస్తోంది.
మొన్న రెండుసార్లు నవ్వాను,
అందులో ఒకటి నిజంది.

రాత్రి మాత్రం
హైమ చెయ్యి నా పొట్ట మీద తడుముతుంది,
చీకట్లో స్విచ్చి కోసం వెతుకుతున్నట్టు.
స్విచ్చి దొరుకుతుంది.
మీటర్లో డబ్బులయిపోయాయి, అంతే.

ఆమె పిలుపు వినపడదని కాదు.
పక్కింటి టీవీలా, గోడ అవతల నుంచి,
గొంతు వస్తుంది, మాటలు రావు.

ముందు నటించాను.
ఆవులింత. నడుంనొప్పి. రేపు నాలుగింటికే షిఫ్టు.
ఆమె అడగలేదు.
కొత్త నైటీ ఒకటి కొని
ట్యాగు తెంపకుండానే తిరిగిచ్చేసింది.
గొడుగు కోసం వెతుకుతుంటే ఆమె కోటు జేబులో రసీదు.
పన్నెండు పౌన్లు వాపసు. కారణం:
సరిపోలేదు.

ఆ రాత్రే చెబుదామనుకున్నాను.
తెలుగులో ఆ ముక్కకి నాకొచ్చిన మాటలన్నీ
తిట్లు, లేదా రైలుకట్ట పక్క గోడల మీది ప్రకటనలు.
అందుకని చీటీయే ఇచ్చాను,
పదకొండో వరుస మీద వేలు పెట్టి.

కళ్ళజోడు తెచ్చుకుని చదివింది. మళ్ళీ చదివింది.
"నేనంటే మొహం మొత్తిందనుకున్నా" అంది.
ఏడ్చింది. ఆ తర్వాత కోపమొచ్చింది.
"నాలుగు నెలలు! నాలుగు నెలలు
అద్దంలో నన్ను నేను తిట్టుకున్నా తెలుసా?"
నా దగ్గర జవాబు లేదు.
టీ పెట్టాను. అది తాగలేదు.

మంగళవారం డాక్టర్ ప్రిచర్డ్ దగ్గరికి ఇద్దరం వెళ్తాం.
మోతాదు తగ్గిస్తుందో, మాత్రే మారుస్తుందో.
చెప్పకుండా మానేయనని ఒట్టు వేయించుకుంది.

ఏప్రిలొచ్చినా ఇక్కడ చలి పోలేదు.
దీపం తీశాక
ఐసుముక్కల్లాంటి పాదాలు తెచ్చి
నా పిక్కలకి ఆనించింది.
చురుక్కుమంది.
"తియ్యనా?" అంది.
"ఉండనీ" అన్నాను.