కోత, మేట

మా వైపు దాన్ని కోత అంటారు.
ఏరు గట్టును కోస్తుంది. చప్పుడు రాత్రిపూటే వినపడుతుంది,
పక్కింట్లో ఎవరో బియ్యం బస్తా దింపినట్టు
ఒక్క ధబ్బు, తర్వాత ఏమీ ఉండదు.
తెల్లారి లెక్కపెట్టుకోవాలి.
మొన్న నలభై రెండు చెట్లు, ఈవేళ నలభై.

కొబ్బరిచెట్టు ఒక్కసారిగా పడదు.
ముందు ఏటి వైపు వంగి
తన గెలలు తనే చూసుకుంటుంది నీళ్ళల్లో.
వేళ్ళు గట్టులోంచి బయటికొచ్చి
దువ్వని జుట్టులా ఊగుతుంటాయి.
మొవ్వు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది.
అది చూసే రెండేళ్ళు మోసపోయాను,
చెట్ల విషయంలోనూ, అబ్బులు విషయంలోనూ.

అబ్బులు వెళ్ళిన ఏడే ఆఖరి వరస పోయింది.
ఏది ముందో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను.
రావులపాలెం అరటి మార్కెట్లో చూశామన్నారెవరో,
ఇంకొకామెతో కలిసి లారీకి గెలలు ఎక్కిస్తున్నాడట.
నవ్వుతున్నాడని కూడా చెప్పారు, అడక్కపోయినా.

ఆఫీసులో కుర్రాడు కంప్యూటర్లో చూసి
"మీ పేరున ఉందండి, ఎకరం ఇరవై సెంట్లు" అన్నాడు.
"ఎక్కడుంది బాబూ?"
తల గోక్కున్నాడు.
"రికార్డులో ఉందండి."
నా మెడలో పసుపుతాడూ అంతేగా అనుకుంటూ
మెట్లు దిగాను.

మూడు వానాకాలాలు గట్టు మీదే కూర్చున్నాను.
పడవలవాళ్ళు నాకు కాపలా అక్క అని పేరు పెట్టారు.
దేనికి కాపలానో వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.
నీళ్ళ మీద చోటు చూపించి హైమతో అనేదాన్ని:
అదిగో అక్కడ మన బోరు, అక్కడ పశువుల పాక,
అక్కడే నువ్వు పడి మోకాలు చీరుకున్నది.
పిల్ల ఒకరోజు అంది,
"అమ్మా, అక్కడిప్పుడు చేపలుంటాయి."
అని, బడికెళ్ళిపోయింది.

నూకరత్నం అయితే తిట్టింది.
"పోయిన గట్టుకి దణ్ణాలు పెడుతూ కూర్చో.
ఏరు తిన్నదంతా కడుపులో దాచుకుంటుందేటే?
అటు చూడు."

అటు, అవతలి పాయ పక్కన,
ఎర్రనీరు తీశాక కొత్త మేట తేలింది.
దానికి పేరు లేదు, సర్వే నంబరు లేదు,
కొంగలు మాత్రం అప్పుడే దిగాయి.
పడవ దిగితే మడమల దాకా ఒండ్రు,
గోరువెచ్చగా, పెరుగులా మెత్తగా.
గుప్పెడు తీసి వాసన చూశాను.
మా మన్ను కాదు.
భద్రాచలం అవతల ఎవరి చేనో,
ఎవరి వాకిట్లో అలికిన మట్టో.
చిటికెడు నాదీ ఉందేమో, ఉన్నా
పేరు పెట్టి పిలిస్తే పలకదు.

విత్తనాలు పడవలో తడుస్తాయని
పాసుపుస్తకానికున్న ప్లాస్టిక్ కవరు ఊడదీసి
అందులో పోశాను.
పుస్తకాన్ని ఏట్లో పారేయలేదు. అంత రోషం లేదు నాకు.
ట్రంకుపెట్టెలో ఉంది, చలికి వణుకుతున్నట్టు
అట్టలు వంకర తిరిగి.

కార్తీకంలో పుచ్చ, దోస, అంచుల్లో బెండ.
"వచ్చే వరదకి ఇదీ పోతుందేమో" అన్నాను.
"పోతే పోనీ. ఈలోగా కాయ మనదేగా" అంది,
గెడ నీళ్ళల్లో దించుతూ.

మాఘం వెళ్తుండగా పుచ్చకాయని వేలితో కొట్టి విని
"కోతకొచ్చింది" అంది నూకరత్నం.
కొడవలి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.
ఆ మాటకి ఇంకో అర్థముందని
ఇన్నేళ్ళు ఎలా మర్చిపోయాను.

రాత్రిళ్ళు ధబ్బుమంటే ఇప్పటికీ మెలకువ వస్తుంది.
ఎవరిదో గట్టు, ఎవరివో చెట్లు.
కాసేపు కూర్చుంటాను. లెక్కపెట్టను.
హైమ కాళ్ళ మీద దుప్పటి లాగి
మళ్ళీ పడుకుంటాను,
పడవ ఆరింటికి.