ఫిల్టర్లు కడిగేటోడు

సోహార్ల మా క్యాంపు ఏసీలన్నీ నా చేతి కిందనే.
నెలకోసారి జాలి గుంజితే
ఆ రూం కత మొత్తం దాని మీదనే ఉంటది.
తొమ్మిదో నంబర్ల ఇసుక, ఇన్ని గడ్డం వెంట్రుకలు.
పదకొండుల పోపు నూనె.
పదిహేడుల, అంటే మా రూంల,
ఎనిమిది మంచాల నడుమ తిరిగిందే తిరిగిన గాలి
డికాక్షన్ రంగుల కారుతది బకెట్లకు.

నేను ముట్టియ్య.
లింబాద్రి ముట్టిస్తడు. నా మీది మంచం ఆయనదే.
రాత్రి రెండింటికి, ఇంటికి ఫోన్ జేసి పెట్టేసినంక
చీకట్ల ఒక్క ఎర్ర చుక్క.
ఒద్దనబుద్ధి గాదు.
దుప్పటి ముక్కు దాక గుంజుకుంట.
దుప్పటికి గూడ అదే వాసన.

శుక్రవారం దవాఖానోళ్లు వచ్చిన్రు.
మెస్సుల బల్లలు ఓ పక్కకు జరిపిన్రు.
ఐదు బాసల కాయితాలు.
తెలుగు కాయితం మీద ‘ధూమపానం’ అని ఉంటె
అదేందో హోమం అనుకున్నడు పోశెట్టి.
బద్రియా మేడం అరబ్బీల అన్నది
సిస్టర్ షీజ హిందీల అన్నది
నేను మనోళ్లకు మన మాటల అన్న.
నా దాక వచ్చేసరికి
క్యాన్సర్ ఒక్కటే మారకుంట మిగిలింది.

ఒక గొట్టం. దమ్ము బిగపట్టి ఊదాలె.
లింబాద్రికి ఇరవై మూడు.
‘బండి సైలెన్సర్’ అని అందరు నవ్విన్రు, ఆయన గూడ.
నేను ఊదిన. ఏడు.
సిస్టర్ నా మొకం జూసింది.
రోజుకెన్ని?
ఒక్కటి గూడ లేదు.
మళ్ల నవ్విన్రు.
ఈసారి లింబాద్రి నవ్వలే.

ఏడు అంకెను పట్టుకొని నేను
మోర్తాడ్ దగ్గరి మా ఇంటికి పోయిన, నిలబడ్డ కాడనే.
గంగామణి మోకాళ్ల మీద చాట.
తునికాకు కత్తిరిస్తది, తంబాకు పోస్తది, చుడతది,
దారం జుడతది, మూతి ముడుస్తది,
దినాం వెయ్యి.
ఆ బీడీల పీఎఫ్ తీసే నా వీసకు కట్టింది.
చాటల నుంచి లేసే సన్నటి దుమ్ము
ఆమె కొప్పు మీద, గిన్నెల మీద, మంచినీళ్ల మీద.
పొద్దుమూకితె దగ్గు.
ఆమె ఏనాడు ముట్టియ్యలే.
నేను ఏనాడు ముట్టియ్యలే.
ఇదంత సిస్టర్‌కు జెప్పుదామనుకున్న.
హిందీల చాటను ఏమంటరో యాదికి రాలే.

తెల్లారి సూపర్‌వైజర్
నీళ్ల ట్యాంకి వెనుక పచ్చ గీత కొట్టిచ్చిండు.
రెండు బెంచీలు, మీద వల, ఇసుక పోసిన డబ్బ.
తాగితె గీత అవుతల. రూంల తాగితె జుర్మాన.
వారం దినాలు ఎవ్వలు పోలే.
డబ్బల పిల్లి కూసున్నది.

ఎనిమిదో రాత్రి నిచ్చెన కిర్రుమన్నది.
చెప్పులు. తలుపు.
మంచంల ఎర్ర చుక్క లేకుంటె
నాకు నిద్రొస్తలేదు, గదే చిత్రం.
లేసి పోయిన.
గాలి యాడికెల్లి కొడతదో నాకు ఎరికనే,
సముద్రం దిక్కు నిలబడ్డ.
‘నువ్వెందుకొచ్చినవ్?’
‘ఊకెనే.’
సగం తాగి ఇసుకల గుచ్చిండు.
‘ఏడా?’ అన్నడు.
‘ఏడు.’
ఇంకేం మాట్లాడలే ఇద్దరం.
ఒళ్లంత చెమట, ఉప్పు.

మొన్న పదిహేడు జాలి కడిగిన.
డికాక్షన్ గాదు, పలుచటి చాయ్.
లింబాద్రి బకెట్లకు వంగి జూసిండు,
‘ఇంక గింత ఉన్నదా నాది?’
‘సగం ఇసుకనే లే’ అన్న.
అబద్ధమే, కొంత.

ఆ రాత్రి గంగామణికి జెప్పిన,
తలుపు దగ్గర కూసొని చుట్టు,
కిటికీ తెరువు, మూతికి గుడ్డ కట్టు.
గాలి పని జేసేటోని మాట విను.
దగ్గి, నవ్వింది.
‘తెరిస్తె తంబాకు లేసిపోతది.
కార్ఖానల తూకం తక్కువొస్తె
నువ్వు కడతవా?’