రెండో భాగం

ఏప్రిల్. హరలూరు రోడ్డు.
పదకొండో అంతస్తులో కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ట్యాంకరు రివర్సు గేరు పాట వినబడేదాకా
బకెట్టు పక్కన కూర్చుని
ఇందుజ పుస్తకం తెరిచాను.

పధ్నాలుగేళ్ల పిల్లలు చదివే నవల, మూడు భాగాలు.
అట్ట మీద కాలిపోయిన ఊరు,
ఊరి ముందు మనకి వీపు తిప్పిన ఒక పిల్ల.
ఇవన్నీ ఒకే మూస అనుకుంటూనే
అరవయ్యో పేజీ దాటేశాను.

ఆ ఊళ్లో నీళ్లు వంతులవారీగా వస్తాయి.
కింది వాడవాళ్లు మణికట్టు చూపిస్తేనే గేటు తెరుచుకుంటుంది.
వాళ్ల మెట్లు వేరు.
పైన ఒక మండలి
చాలా మర్యాదగా ఉత్తర్వులు పంపుతుంది,
"మీ సహకారానికి ధన్యవాదాలు" అంటూ.
ఆ మాట కింద పెన్సిలు గీత.
గీత పక్కన చీమంత అక్షరాల్లో: నాన్న.

ముందు నవ్వొచ్చింది.
తర్వాత లేచి వెళ్లి
లిఫ్టు దగ్గర అంటించిన కాగితం చదివాను.
పనివాళ్లు సర్వీసు లిఫ్టులోనే.
బయటికెళ్లే ప్రతి సంచీ తనిఖీ.
ఇంగ్లీషులో ఒకటి, కన్నడలో ఒకటి.
ఏ భాషలోనూ "నేను" అన్న మాట లేదు.
సంతకం మాత్రం నాది.

మొదటి భాగం తెల్లారేసరికి అయిపోయింది.
పిల్ల గోడెక్కింది.
దూకిందో లేదో చెప్పకుండా ఆపేసింది రచయిత్రి.
అరలో మూడోది ఉంది, రెండోది లేదు.
"రేణమ్మత్త సంచిలో పెట్టా, శైలుకి,"
అంది ఇందుజ, నోట్లో బ్రష్షుతోనే.
మొదటిది వేసవి సెలవుల్లో
మా వంటింటి గుమ్మంలోనే కూర్చుని చదివేసిందట శైలు.
నేను చూడలేదు.
ఆ గుమ్మం రోజుకి పదిసార్లు దాటుతాను.

తొమ్మిదింటికి ఇంటర్‌కమ్ మోగింది.
"సార్, ఒకావిడ సంచిలో పుస్తకం దొరికింది. మీదేనా?"
"ఉంది" అనలేదు, "దొరికింది" అన్నాడు.
పాపం, నేను నేర్పిన మాటే.

సర్వీసు లిఫ్టులో దిగాను.
అదే ముందొచ్చింది, అంతకన్నా గొప్పేం లేదు.
గేటు దగ్గర బల్ల మీద రెండో భాగం,
పక్కన మూత తీసిన రొట్టెల డబ్బా.
రేణమ్మ నా వంక చూడలేదు,
మూత బిగించడంలో ఉంది.
గార్డు రిజిస్టరు తిప్పి పెట్టాడు.
వస్తువు: పుస్తకం. ఎన్ని: ఒకటి. స్థితి: పాతది.
బయటికి ఎందుకు:
ఆ గడి కూడా నేను గీయించిందే, స్కేలు పెట్టి.
"చదవడానికి" అని రాస్తే
చివరి అక్షరం గీత దాటిపోయింది.

కాగితం ఇంకా లిఫ్టు దగ్గరే ఉంది.
తీయాలంటే మీటింగు పెట్టాలట.
"పెట్టాలట" అంటున్నదీ నేనే.

మూడో భాగం దిండు పక్కన, తెరవకుండా.
శైలు నిదానంగా చదువుతుందంటోంది ఇందుజ,
తమ్ముడు పడుకున్నాక, రోజుకి పది పేజీలు.
పిల్ల ఇంకా గోడ మీదే.
దూకిందో లేదో
శైలుకి తెలిసిపోయి ఉంటుంది ఈపాటికి.
నేను వరుసలో ఉన్నాను.