చెల్లాచెదురు

కోర్టు భవనం నేలమాళిగలో
బాయిలర్ పక్కన ఒక అల్మారా.
నలభై ఏడో నియోజకవర్గం మొత్తం
పదకొండు రిజిస్టర్లు.
రేపు లారీ వచ్చి రాజధానికి పట్టుకుపోతుంది.
ఇకమీదట నలభై ఏడు అంటే
దక్షిణాన ఎక్కడో ఒక షాపింగ్ మాలూ రెండు హైవేలూ.
మమ్మల్ని మూడు ముక్కలు చేసి
ముగ్గురికి పంచారు.

అట్టపెట్టెల్లో సర్దమన్నారు. చదవమనలేదు.
ఇరవై తొమ్మిదేళ్లు ఇక్కడ అంకెలు కూడినదాన్ని,
ఊరికే ఎలా మూసేస్తాను?

మొదటి రిజిస్టరు నిండా కలప వాసన.
ఆస్గుడ్ ట్రెంబాత్, రంపపు మిల్లు యజమాని,
ఊళ్లో ఉన్న మగాళ్లకన్నా
అరవై ఓట్లు ఎక్కువ తెచ్చుకున్నాడు.
శ్మశానం మిల్లు వెనకే ఉండేది.
దగ్గరే కదా, వాళ్లూ నడిచొచ్చి ఉంటారు.

1920. సిరా మారింది.
ఇంపీ కల్లియో పాలక్యాను గుమ్మంలో దించి
తన పేరు తనే రాసుకుంది.
ఇంటిపేరుకి చోటు చాలక
పక్కనున్న మగాడి గడిలోకి
రెండక్షరాలు జరిగింది.

గని మూతబడిన సంవత్సరం గెలిచింది ఏనో హకాలా.
ప్రమాణానికి వెళ్తూ రైల్లోనే పోయాడు.
ఆయన కోటు తొడుక్కుని ఆ కుర్చీలో కూచుంది
భార్య హిల్యా.
పన్నెండేళ్లు విప్పలేదు.

1958 పేజీ పలచగా ఉంటుంది,
అవతలి వైపు అంకెలు కనబడేంత.
లెక్కేసి, తుడిచి, మళ్లీ లెక్కేసి, మళ్లీ తుడిచి.
ట్రెంబాత్ మనవడు: రెండు వేల నూట పద్నాలుగు.
వెర్నా సిపోలా, లెక్కల టీచరు:
రెండు వేల నూట పద్నాలుగు.
చీటీ తియ్యమంది చట్టం.
గనిలో పెట్టుకునే ఇనప టోపీలో రెండు చీటీలు.
వచ్చింది మనవడి పేరు.
మర్నాడు పొద్దున్నే వెర్నా
అదే టోపీ అడిగి తెచ్చుకుని
ఏడో తరగతికి సంభావ్యత పాఠం మొదలుపెట్టిందట.

తర్వాత గీతలు.
రాజధానిలో ఎవడి స్కేలు జారిందో
హద్దు అహోనెన్ వాళ్ల పెరట్లోంచి పోయింది.
ఇల్లు మాలో, ఆవిరిస్నానాల కొట్టం పక్కవాళ్లలో.
"ఓటు ఇక్కడ వేస్తా, చెమట అక్కడ కారుస్తా"
అనేవాడు ముసలాయన.
ఆ కొట్టంలో పొయ్యికి
రెండు నియోజకవర్గాల కరపత్రాలూ అందేవి.

ఆపైన పదహారేళ్లు ఒకటే పేరు.
ఎదురుగడి ఖాళీ.
పోటీ లేని గెలుపు ఉప్పు పడని చేపల పులుసు.
బాగాలేదని ఎవరూ అనరు,
మారు వడ్డించుకోరు.

కానీ ప్రతి పేజీ అడుగునా ఒక వరుస ఉంటుంది,
"చెల్లాచెదురు" అని.
బ్యాలట్‌లో లేని పేరు సొంతంగా రాసేవాళ్ల కోసం.
ఒకరి కుక్క. ఒకరి అత్తగారు.
ఒకసారి, "వాన".
వీటి నడుమ 1960 నుంచి
ప్రతిసారీ ఒక్క ఓటు,
పెన్సిలుతో, ఒక్క అక్షరం తప్పు లేకుండా:
వెర్నా సిపోలా.
ఆమె ఊరు మారాక కూడా.
ఆమె పోయాక కూడా.

ఓటు రహస్యం. ప్రమాణం చేసిన మనిషిని నేను.
ఎవరిదని ఎన్నడూ అడగలేదు.
కాకపోతే ఊరు చిన్నది,
ఆర్వో సాల్మెలా సంగతి తెలియనివాళ్లు లేరు.
ఆ యాభై ఎనిమిది నవంబరులో
తెల్లారకముందే ట్రాక్టరెక్కి
మంచు తోసి దారి చేశాడు
ట్రెంబాత్ వాళ్లకీ, సిపోలా వాళ్లకీ, అందరికీ.
తను వచ్చేసరికి
ఎనిమిది దాటి నాలుగు నిమిషాలు.
తలుపు వేసేశారు.

జూలైలో ఆయన్ని పూడ్చాం.
నవంబరులో ఆ వరుసలో సున్నా వేశాను.
నా మామూలు సున్నాకన్నా
కాస్త పెద్దదైంది.

లారీ పొద్దున ఎనిమిదికి అన్నారు.
బయట మంచు మొదలైంది.
ఆలస్యమైతే కానీ,
తలుపు వెయ్యను.