రెండో గుంపులో తోక గుర్తు

తలకి చుక్క, వీపుకి చుక్క, తోకకి చుక్క.
పిక్రిక్ ఆమ్లపు పసుపుతో
ముప్పై ఎలకలకి ఆనవాళ్లు పెట్టాను.
పేర్లు మాత్రం పెట్టకు, అంది మా మేడం.

పాడేరు సంతలో కొన్న పొడపత్రి
నీడన ఎండి, పొడై, స్పిరిట్‌లో నాని
గాజుపళ్లెం అడుగున నల్లటి బంకగా మిగిలింది.
మూడు కిలోల అడవి
ఒక్క చిన్న సీసా.

మొదటి గుంపుకి జబ్బూ లేదు, మందూ లేదు.
మూడో గుంపుకి షాపులో దొరికే మాత్ర.
నాలుగుకి నా సీసాలోది సగం మోతాదు, అయిదుకి నిండు.
రెండో గుంపుకి
జబ్బొక్కటే ఇచ్చాను.

ఆ ఆరూ తాగుతూనే ఉండేవి.
రాత్రి నింపిన సీసాలు తెల్లారేసరికి ఖాళీ,
ఊక తడిసి ముద్ద.
రుషికొండ వైపు కిటికీ నిండా సముద్రం,
ఇవతల
స్టీలు గొట్టం కొస మీద నాలికల టిక్కు టిక్కు.

ఊక మార్చే గొలగాని ఎర్రయ్య అడిగాడు:
"ఈటికి మందెయ్యరేటమ్మా?"
వీటికి వెయ్యకపోతేనే
వాటికి పనిచేసిందో లేదో తెలుస్తుంది, అన్నాను.
చీపురు ఆపి, కాసేపు ఆలోచించి,
"అయితే ఆ సంగతి ఈటికి తెల్దన్నమాట" అన్నాడు.

పద్నాలుగో రోజు తోకకొసన నెత్తుటి బొట్టు.
నాలుగువందల ఇరవై. నాలుగువందల అయిదు. నాలుగువందల నలభై.
తోక గుర్తుది రెండువందల పది.
పట్టీ మార్చి మళ్లీ చూశాను.
రెండువందల ఎనిమిది.
ఊకలో వేళ్లు పెట్టి వెతికితే
కొరికి వదిలేసిన ఆకు ఈనె.

ఎర్రయ్య దాచలేదు.
"రోజూ నాకేసే సూసీది తల్లీ."
అతని ఎడమకాలి బొటనవేలికి
ఆర్నెల్లుగా అదే కట్టు.
మంగళవారాలు కేజీహెచ్ వరసలో నిలబడి
ఆలస్యంగా వస్తాడు.
మరి నువ్వు తిన్నావా ఆ ఆకు?
"నాకు మాత్తర్లిత్తన్నారు కదమ్మా.
దానికేటిత్తన్నారు?"

ఇరవయ్యొకటో రోజు అన్ని గుంపులకీ ఒకటే.
తోక గుర్తు పదమూడు గ్రాములు పెరిగింది.
తూచాను, రాశాను,
క్లోమం తీసి ఫార్మలిన్‌లో వేశాను.

సాయంత్రం ఎర్రయ్య టీ తెచ్చాడు.
మిగిలిన ఆకొకటి నమిలి తాగాను.
పొడపత్రి తగిలిన నాలికకి తీపి చచ్చిపోతుంది.
వేడి తెలిసింది, వగరు తెలిసింది,
గ్లాసు అడుగున పంచదార
ఇసకలా పళ్లకింద కరకరలాడింది.

థీసిస్ నూటపన్నెండో పేజీ అడుగున, చిన్నక్షరాల్లో:
రెండో గుంపులో ఒక జంతువును
ఆహార నియమం తప్పినందున లెక్కలోంచి తొలగించడమైనది.

ఎవరు తప్పించారో రాయలేదు.
వైవాలో ఆ పేజీ దగ్గర
ఎవరూ ఆగలేదు.