నలభై ఎనిమిదిలో జింక

పోయిన చలికాలం వచ్చిన ఆట అది.
అందులో ఒక జింక, ఒక అడవి, ఎడతెగని మంచు.
ఆ జింక చెవి కదలడానికి పట్టే చోటు లెక్కగడితే
నా రబ్బరు మీటల నల్లపెట్టెలాంటివి
మా డండీ వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా పేర్చాలి.

నా దగ్గరున్నది ఒక్క పెట్టె.
నలభై ఎనిమిది కిలోబైట్లు.
అందులో ఏడు, తెరకే అద్దె కింద పోతాయి.
మిగిలిన దాంట్లో అడవి చేత కాపురం పెట్టించాలి.

ముందు నీడలు తీసేశాను.
తర్వాత గాలి.
వయొలిన్లు అన్నిటినీ ఇంటికి పంపేసి
కీచుమనే ఒక్క గొంతుని ఉంచుకున్నాను.
వెయ్యి చెట్లు గీసే స్తోమత లేక
ఒకటే చెట్టు గీశాను, ఎడమకి తిప్పితే అది ఇంకో చెట్టు,
నడుం దాకా మంచులో పాతితే మొక్క.
మూడు బైట్లు మిగిలిన రాత్రి
జీతం పెరిగినవాడిలా వంటింట్లో ఈల వేశాను.
మూడు బైట్లంటే ఎంతని అడక్కండి.
జింక పేరు రాయడానికైనా చాలవు.

పగలు బస్సుల డిపోలో బ్రేకులు చూస్తాను.
అక్కడ అరిగిందాన్ని ఊడదీసి కొత్తది బిగిస్తాం.
ఇంటికొస్తే యవ్వారం తలకిందులు:
కొత్తదాన్ని అరగదీసి పాతదానికి తొడుగుతాను.
డిపో కుర్రాడు రోరీ తన ఫోను చూపించి
"ఇందులో ఆడుకోవచ్చుగా" అన్నాడు.
ఆడుకోవచ్చు.
ఆ మాట నాకు తట్టలేదనుకున్నాడు పాపం.

టే నది మీంచి పొగమంచు వచ్చి కిటికీకి అంటుకున్న సాయంత్రం
పైవాటాలోంచి ఎఫీ గిల్‌ఫిలన్ దిగివచ్చింది.
డెబ్భై నాలుగేళ్ళు. ఎనభై మూడులో
ఈ పెట్టెలు పుట్టిన ఫ్యాక్టరీలో చిప్పులు గుచ్చేది.
వేలకు వేలు చేసిందట, ఒక్కదానితోనూ ఆడలేదట.
"బిస్కెట్లు చేసేవాళ్ళు బిస్కెట్లు తింటారా?" అంది.
తింటారనే అనుకుంటాను. వాదించలేదు.

మూత విప్పి చూపించాను.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
గోటితో ఒక టంకం చుక్కని తాకి
"ఇది నెట్టా చేసిందే. ఎప్పుడూ ఎక్కువ పోసేది" అంది.
నిజమో, కోరికో.

టేపు పెట్టాం.
నాలుగున్నర నిమిషాలు
తెర అంచుల్లో నీలం, పసుపు చారలు పరుగులు తీశాయి.
టేపు గొంతు చించుకుంది.
"ఇంత గోలా అందులోకే పోతోందా?
మేం అంత చోటు పెట్టామా!"

జింక వచ్చింది.
పదహారు చుక్కల ఎత్తు. నాలుగు కాళ్ళలో మూడే కనిపిస్తాయి.
మంచులో నాలుగడుగులు వేసి, ఆగి, చెవి కదిపింది.
(నా ఏప్రిల్ నెలంతా ఆ చెవికే పోయింది.)
చెట్టు పక్కకి చేరగానే
సగం ఒళ్ళు ఆకుపచ్చగా మారిపోయింది.

సంజాయిషీ మొదలుపెట్టాను.
ఒక్కో గడికి రెండే రంగులు, మూడోదానికి చోటుండదు,
యంత్రం పుట్టుకే అంత, తప్పు నాది కాదు,
ఇంకో నెల కూర్చుంటే చెట్లని దూరం జరిపి...

"జరపకు" అంది ఎఫీ.
"పదకొండేళ్ళు నెట్టా పక్క కుర్చీలో పనిచేశాను.
అది పోయి ఆరేళ్ళు.
ఇప్పటికీ దాని దగ్గే దగ్గుతాను."

మీటలు మెత్తగా ఉన్నాయని గొణుక్కుంటూ ఆడింది.
మూడుసార్లు జింకని ఏట్లో పడేసింది.
మూడోసారి నన్ను తిట్టింది.

స్విచ్ ఆపాను. తెర నల్లబడింది.
"మరి అదెక్కడికి పోయింది?"
"ఎక్కడా లేదు. రేపు మళ్ళీ టేపు వెయ్యాలి."
"మళ్ళీ నాలుగున్నర నిమిషాలా?"
"అవును."
"అయితే టీ కాచుకుని దిగుతాను."

తలుపు మూసుకున్నాక
మెట్ల మీద దగ్గు వినిపించింది,
ఇద్దరిలో ఎవరిదో.