తొమ్మిదో హదీల్

సల్త్ ఊళ్ళో జననాలు రాసుకునే కిటికీ నాది.
ఈ ఏడు ఇది తొమ్మిదో హదీల్.

"వేరే పేరే దొరకలేదా, మున్‌జిర్?"
చొక్కా మీది రెట్ట మరక గోక్కుంటూ నవ్వాడు.
మేడ మీద నలభై పావురాలు వాడికి.
పావురాలెగరేసేవాడి సాక్ష్యం
కోర్టులో చెల్లదంటారు మావాళ్ళు,
పొద్దస్తమానం పైకి చూసేవాడికి
నేల మీద నిజం ఆనదని.
బిడ్డ పేరు మాత్రం
వాడి నోటినుంచే రాసుకోవాలి నేను.

హదీల్ అంటే గువ్వ కూత.
అంతేననుకునేదాన్ని ఇన్నాళ్ళూ.
స్టాంపు సిరా ఆరేలోపు వాడే చెప్పాడు:
నూహ్ ప్రవక్త కాలంలో తప్పిపోయిన
గువ్వపిల్ల పేరట అది.
దాహానికి పోయిందో,
డేగ తన్నుకుపోయిందో.
అప్పట్నుంచీ ఏ గువ్వ కూసినా
దాన్ని పిలవడమేనట.

నా టీ చల్లారిపోయింది.
బాలికల బడి వదిలారు.
మెట్ల వీధిలో ఎవరో తల్లి,
చంకలో వేడి రొట్టెల సంచి,
"హదీల్!" అని కేకేసింది.

ఆకుపచ్చ యూనిఫారాల్లో
ఆరుగురు వెనక్కి తిరిగారు.
రిబ్బను పళ్ళతో పట్టుకుని
జడేసుకుంటున్న చిన్నదొకత్తి
ఆ గొంతు తన తల్లిది కాదని తెలిసీ
పరుగెత్తింది.